కన్సోల్ కంపెనీకి గేమ్ పిచ్ చేయడం ఎలా: ఎందుకు కాదంటారు, ఎప్పుడు డబ్బు పెడతారు

సోనీకో మైక్రోసాఫ్ట్‌కో నింటెండోకో మెయిల్ రాసే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీరు అడుగుతున్నది అనుమతా, డబ్బా? చిన్న స్టూడియోల పిచ్‌లు, అంటే గేమ్ గురించి పంపే ప్రతిపాదనలు, చాలావరకు ఇక్కడే తడబడతాయి. "మా గేమ్ మీ కన్సోల్ మీద రిలీజ్ చేయాలనుంది, దానికి కొంత ఫండింగ్ కూడా కావాలి" అని ఒకే మెయిల్‌లో రాస్తారు. చదివేవాడికి దాన్ని ఎవరికి పంపాలో తెలియదు. అనుమతి చూసే టీమ్ వేరు, డబ్బు ఇచ్చే టీమ్ వేరు.

మొదట అనుమతి సంగతి ముగించండి

ఇది ఇప్పుడు అంత కష్టం కాదు. 2013 ఆగస్టులో గేమ్స్‌కామ్ అనే జర్మనీ గేమ్ ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ పథకం ప్రకటించింది. ఎంపికైన చిన్న స్టూడియోలకు డెవ్ కిట్లు (గేమ్ తయారీకి వాడే ప్రత్యేక కన్సోల్‌లు) ఉచితంగా ఇవ్వడం, పబ్లిషర్ లేకుండానే గేమ్ అమ్ముకోనివ్వడం ఆ పథకంలో ముఖ్యమైన భాగం. నింటెండో 2016లో డెవలపర్ పోర్టల్ తలుపులు తెరిచింది. సోనీకి ప్లేస్టేషన్ పార్ట్‌నర్స్ అనే అలాంటి పోర్టల్ ఉంది. రిజిస్టర్ చేసుకోండి, వాళ్ళ రహస్యాలు బయటపెట్టబోమన్న ఒప్పందం (ఎన్‌డీఏ) మీద సంతకం పెట్టండి, గేమ్ గురించి రెండు పేజీలు రాసి పంపండి. కంపెనీ నిజమైనదై, గేమ్ పూర్తయ్యేలా కనిపిస్తే ఈ దశలో కాదనేది తక్కువ.

డబ్బు అడిగే ముందే ఈ రిజిస్ట్రేషన్ అయిపోతే ఒక లాభం ఉంది. ఫండింగ్ టీమ్ మీ పేరు వెతికినప్పుడు మీరు వాళ్ళ సిస్టమ్‌లో కనిపిస్తారు. వాళ్ళ టెక్నికల్ నియమాలు చదివి వచ్చారని కూడా తెలుస్తుంది.

డబ్బు ఏ రూపంలో వస్తుందో తెలుసుకుని, ఒకటి ఎంచుకోండి

"ఫండింగ్" అనే ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి.

అన్నిటికన్నా చిన్నది, నగదు లేని సాయం. కిట్లు ఇస్తారు, స్టోర్ మొదటి పేజీలో చోటిస్తారు, లేదా ఏదో షోకేస్‌లో (రాబోయే గేమ్స్ చూపించే కార్యక్రమంలో) ముప్పై సెకన్లు ఇస్తారు. దీన్ని తక్కువగా చూడకండి. స్టూడియో ఎండీహెచ్ఆర్ అనే చిన్న కెనడా స్టూడియో గేమ్ కప్‌హెడ్ 2014లో ఈ3 అనే గేమ్ ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ వేదిక మీద కొన్ని సెకన్లే కనిపించింది. అందరూ దాన్నే గుర్తుపెట్టుకున్నారు. ఆ స్టూడియో నడిపే అన్నదమ్ములు ఇళ్ళు తాకట్టు పెట్టి ప్రాజెక్టును పెద్దది చేసి, 2017 సెప్టెంబర్‌లో రిలీజ్ చేశారు.

తర్వాతిది సబ్‌స్క్రిప్షన్ ఫీజు. మైక్రోసాఫ్ట్ నెలవారీ సబ్‌స్క్రిప్షన్ సర్వీస్ గేమ్ పాస్ 2017లో మొదలైంది. అందులో పెట్టినందుకు స్టూడియోకి డబ్బు ఇస్తారు. ఎంత ఇవ్వాలన్నదానికి ఒకే పద్ధతి లేదు. ఒప్పందాలు రకరకాలుగా ఉంటాయని, కొన్నిటికి తయారీ ఖర్చంతా తామే పెట్టుకుంటామని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2020లో బహిరంగంగానే చెప్పారు.

మూడోది కనీస గ్యారంటీ. ఇది అడ్వాన్స్ లాంటిది. మీ అమ్మకాల వాటాలో ముందుగా దాన్ని తీసేసుకుంటారు, ఆ తర్వాతే మీకు మిగులుతుంది. సోనీ 2009లో మొదలుపెట్టిన పబ్ ఫండ్ దీనికి ఒక రూపం. స్టూడియో తన ఖర్చుతో గేమ్ తయారు చేయాలి, ప్లేస్టేషన్‌కే ముందు ఇవ్వాలి. దానికి బదులు సోనీ ఆ ఖర్చుకు సరిపడా రాయల్టీని గ్యారంటీగా ఇచ్చేది, హక్కులు స్టూడియో దగ్గరే ఉండేవి. పాపో అండ్ యో, గ్వాకమేలీ లాంటి గేమ్స్ ఆ దారిలోనే వచ్చాయి.

నాలుగోది పూర్తి తయారీ ఖర్చు. మైల్‌స్టోన్‌లవారీగా, అంటే ముందే అనుకున్న దశలు పూర్తవుతున్నకొద్దీ ఇస్తారు. మొదటి గేమ్ చేస్తున్న స్టూడియోకి ఇది దొరకడం చాలా అరుదు. దీన్నే అడిగి తిరస్కరణ తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

ఇవి కాక ఒక్కో దేశం కోసం పెట్టిన పథకాలున్నాయి. సోనీ 2016లో చైనా హీరో ప్రాజెక్ట్ పెట్టింది, 2023లో ఇండియా హీరో ప్రాజెక్ట్ తెచ్చింది. లోకో, ఫిష్‌బౌల్, ముక్తి గేమ్స్ ఇండియా పథకం ద్వారా పైకి వచ్చిన పేర్లే. మీరు హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని పిచ్ రాస్తుంటే ముందు చూడాల్సిన తలుపు ఇదే. అక్కడ మీ పోటీ ప్రపంచంలోని స్టూడియోలన్నిటితో కాదు.

వాళ్ళకు ఏం కావాలో చూడండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది.

కన్సోల్ స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీద కంపెనీకి సాధారణంగా 30 శాతం వస్తుంది. మీ గేమ్ ఇరవై వేల కాపీలు అమ్ముడైనా ఆ 30 శాతం వాళ్ళ లెక్కల్లో కనిపించనంత చిన్నది. కాబట్టి "మా గేమ్ బాగా అమ్ముడవుతుంది" అనే వాదన వాళ్ళను కదిలించదు. వాళ్ళు కొనేది తమ దగ్గర లేనిదాన్ని. వచ్చే ఏడాది షోకేస్‌లో కొత్తగా కనిపించే ఒక రూపం, సబ్‌స్క్రిప్షన్‌లో ఇంతవరకు లేని రకం, కొత్త కంట్రోలర్‌లో ఏముందో ప్రేక్షకుడికి చూపించే ఒక గేమ్ వాళ్ళకు కావాలి.

కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం కథ వెన్బా సంగతి చూడండి. టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసిన వంట గేమ్ అది, ఒక సాయంత్రంలో అయిపోతుంది. 2023 జులైలో రిలీజ్ రోజే గేమ్ పాస్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ తొలి గేమ్ అవార్డు తెచ్చుకుంది. గంటన్నర గేమ్‌కి డబ్బు పెట్టాలంటే కొనేవాడు వెనకాడవచ్చు. సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాడికి ఆ సంకోచం లేదు, మొదలుపెడతాడు, పూర్తి చేస్తాడు, నలుగురికి చెబుతాడు. అమ్మకానికి బలహీనత అనిపించే నిడివి సబ్‌స్క్రిప్షన్‌కి బలమైంది. మీ గేమ్‌లో ఇలాంటిది ఏముందో వెతకండి.

చేయాల్సిన పని: గత రెండేళ్ళలో ఆ కంపెనీ షోకేస్‌లన్నీ కూర్చుని చూడండి. చిన్న స్టూడియోల గేమ్స్‌ని ఒక షీట్‌లో రాసుకోండి. ఏ రకం పదే పదే వచ్చిందో, ఏది ఒక్కసారీ రాలేదో కనిపిస్తుంది. మీ గేమ్ లాంటిది ఇప్పటికే మూడు ఉంటే మీకు వచ్చే "కాదు" నాణ్యత గురించి కాదు. ఆ కుర్చీలో ఇప్పటికే ఎవరో కూర్చున్నారు, అంతే.

కంపెనీలు అంచనా తప్పడమూ మామూలే. 2023లో కోర్టు పత్రాల ద్వారా బయటపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత మెయిల్‌లో, బాల్డర్స్ గేట్ 3ని గేమ్ పాస్‌లోకి తేవడానికి 50 లక్షల డాలర్లు చాలని 2022లో అంచనా వేశారు. దాన్ని స్టేడియాలో (గూగుల్ అప్పట్లో నడిపిన ఆన్‌లైన్ గేమ్ సర్వీస్‌లో) వచ్చే, అంత ముఖ్యం కాని పీసీ గేమ్‌గా రాసుకున్నారు. ఆ గేమ్ 2023లో ఎంత పెద్ద హిట్టయిందో అందరికీ తెలుసు. దాన్ని చేసిన లారియన్ చిన్న స్టూడియో కాదు. అంత పేరున్నవాళ్ళకే అలాంటి లెక్క కడితే మీ పిచ్‌కి వచ్చిన తిరస్కరణను తీర్పుగా తీసుకోనక్కర్లేదు.

పిచ్‌ని ఒక మనిషి కోసం రాయండి

మీ మెయిల్ చదివేది స్కౌట్ (కంపెనీ కోసం కొత్త గేమ్స్ వెతికే ఉద్యోగి) లేదా పోర్ట్‌ఫోలియో మేనేజర్. సంతకం పెట్టేది అతను కాదు. అతను లోపల ఒక కమిటీ ముందు మీ తరఫున మాట్లాడాలి. సంబంధం గురించి ఇంటి పెద్దలకు చెప్పే మేనమామ స్థానం అతనిది. అబ్బాయి బాగున్నాడని మీరు ఆయనకు నచ్చజెప్తే చాలదు. పెద్దలు అడిగే ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబులుండాలి.

కమిటీ అడిగేవి ఇంచుమించు ఇవే: ఇది ఏమిటి? మనకెందుకు? వీళ్ళు పూర్తి చేయగలరా? ఎంత? ఎప్పుడు? మధ్యలో ఆగిపోతే మన నష్టమెంత?

ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు పది స్లైడ్లలో ఉండాలి. మొదటి స్లైడ్‌లో ఒక వాక్యం, ఒక బొమ్మ చాలు. ఆ వాక్యాన్ని స్కౌట్ కాగితం చూడకుండా చెప్పగలగాలి. "ప్రాచీన భారతీయ సంస్కృతి నేపథ్యంలో సాగే ఉత్కంఠభరిత యాక్షన్ అడ్వెంచర్" అన్న వాక్యం ఎవరికీ గుర్తుండదు. ఆటగాడు చేతులతో ఏం చేస్తాడో చెప్పండి. కథ నేపథ్యానికి నాలుగు స్లైడ్లు కేటాయించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నా మాట వినండి, అర స్లైడ్ చాలు.

మార్కెట్ పరిమాణం స్లైడ్ తీసేయండి. భారత్‌లో ఎన్ని కోట్ల మంది గేమర్లున్నారో సోనీకి మీరు చెప్పనక్కర్లేదు. వాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లో ఉచితంగా ఆడేవాళ్ళని కూడా వాళ్ళకు తెలుసు.

బిల్డ్ సిద్ధం చేయండి

వీడియో చూసి ఆసక్తి పుడుతుంది, బిల్డ్ (ఆడి చూడగలిగే గేమ్ నమూనా) ఆడాకే డబ్బు గురించి మాట్లాడతారు. పది పదిహేను నిమిషాలు చాలు, కానీ ఆ పదిహేను నిమిషాల్లో బొమ్మ, శబ్దం, నియంత్రణ మూడూ చివరి స్థాయికి దగ్గరగా ఉండాలి. రెండు గంటల అరకొర గేమ్ కన్నా ఇది నయం.

మన స్టూడియోల్లో చాలావాటి మూలం మొబైల్. అందుకని కొన్ని తప్పులు పదే పదే కనిపిస్తాయి. బిల్డ్ కంట్రోలర్‌తో ఆడేలా ఉండదు. ఉన్నా మెనూ దగ్గర మౌస్ కావాలి. అక్షరాలు సోఫా నుంచి టీవీ చూసేవాడికి కనిపించనంత చిన్నవి. కంట్రోలర్ తీగ పీకితే గేమ్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. చూసేవాడికి దీంతో "వీళ్ళు కన్సోల్ మీద ఎప్పుడూ పని చేయలేదు" అని తెలిసిపోతుంది. పంపే ముందు రోజు బిల్డ్‌ని టీవీకి తగిలించి, ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని, గేమ్ గురించి ఏమీ తెలియని ఒకరికి కంట్రోలర్ ఇవ్వండి. మీరు నోరు తెరవకండి.

బిల్డ్ మొదట ట్యుటోరియల్ పెట్టకండి. అసలు ఆట రెండో నిమిషానికే రావాలి. మధ్యలో ఇరుక్కుపోతే దాటేయడానికి ఒక బటన్ పెట్టి, దాన్ని మెయిల్‌లో రాయండి. స్కౌట్ ఆడలేకపోతే చూసుకోవడానికి మీరే ఆడి రికార్డ్ చేసిన వీడియో కూడా జతచేయండి.

పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్ స్టోర్‌లో డెమో పెట్టి ఉంటే విష్‌లిస్ట్ సంఖ్య (తర్వాత కొనాలని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో), డెమో సగటున ఎంతసేపు ఆడారో రాయండి. చిన్న సంఖ్య అయినా ఫరవాలేదు, అది పెరుగుతున్న వేగం చూస్తారు. సంఖ్య బాగోలేకపోతే రాయకండి, అడిగితే మాత్రం దాచకండి.

బడ్జెట్‌ని తక్కువ చేసి చూపకండి

తక్కువ అడిగితే ఇస్తారనుకోవడం పెద్ద పొరపాటు. అమెరికాలో ఒక మనిషికి నెలకు అన్నీ కలిపి పది వేల డాలర్లు అని ఒక ముతక లెక్క వాడుకలో ఉంది. మనకంత అక్కర్లేదు. కానీ ఆరుగురు ఏడాదిన్నర పనిచేసే గేమ్‌కి ముప్పై లక్షల రూపాయలు అని రాస్తే, చదివేవాడు "చవక" అనుకోడు. మధ్యలో డబ్బయిపోయి మళ్ళీ వస్తారు అనుకుంటాడు. కమిటీకి ఆ టెన్షన్ వద్దు.

ఇలా కట్టండి. ఆరుగురు, 18 నెలలు, అంటే 108 మనిషి నెలలు. జీతం, ఆఫీసు అద్దె, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి మనిషికి నెలకు 2,000 డాలర్లు అనుకుంటే 2,16,000. సంగీతం, టెస్టింగ్, అనువాదాలు, పోర్టింగ్ (గేమ్‌ని వేరే కన్సోల్‌కి మార్చడం), లాయర్ ఖర్చులకు ఇంకో 40,000. మొత్తం 2,56,000. దాని మీద ఇరవై శాతం అదనం పెట్టుకుంటే సుమారు 3,07,000 డాలర్లు. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. వ్యవస్థాపకుల జీతం సున్నా అని మాత్రం రాయకండి. అది త్యాగంలా కాదు, ప్రమాదంలా కనిపిస్తుంది.

ఆ అదనపు ఇరవై శాతం అత్యాశ కాదు. సోనీతో మూడు గేమ్‌ల ఒప్పందం ఉన్న దట్‌గేమ్‌కంపెనీ కూడా జర్నీ పూర్తి చేసేలోపు డబ్బంతా అయిపోయి దివాలా స్థితికి చేరింది. స్టూడియో సహ వ్యవస్థాపకుడు జెనోవా చెన్ 2013లో ఒక సదస్సులో ఆ మాట తనే చెప్పారు. 2012లో వచ్చిన ఆ గేమ్ ఆ ఏడాది అవార్డులెన్నో గెలుచుకుంది. అయినా డబ్బు సంగతి అలా ఉంది.

ఇప్పటికే ఎంత ఖర్చు పెట్టారు, ఎక్కడి నుంచి, అడిగినదాంట్లో సగమే వస్తే ఏం చేస్తారు అన్నవి కూడా రాయండి. సగం వస్తే చేయగల చిన్న గేమ్ ప్రణాళిక ఉన్న స్టూడియో అరుదు. అది ఉంటే స్కౌట్‌కి బేరం ఆడే వీలుంటుంది.

పూర్తి చేయగలరని చూపించండి

ఇది మొదటి గేమ్ అయితే ఇక్కడే గట్టి ప్రశ్న వస్తుంది. పెద్ద కంపెనీలో ఔట్‌సోర్సింగ్ పని చేసిన అనుభవం మంచిదే, కానీ ఆర్ట్ తయారు చేయడం వేరు, గేమ్ ముగించడం వేరు. చిన్నదైనా సరే, మొదలుపెట్టి రిలీజ్ చేసిన ఒక గేమ్ ఉంటే దాని లింక్ ఇవ్వండి. లేకపోతే కన్సోల్ మీద పోర్టింగ్ చేసిన వాళ్ళను ఒకరిని టీమ్‌లోకో సలహాకో తీసుకుని పేరు రాయండి.

సర్టిఫికేషన్, అంటే రిలీజ్‌కి ముందు కన్సోల్ కంపెనీ చేసే టెక్నికల్ తనిఖీ గురించి ఒక స్లైడ్ ఉంటే మీ మీద నమ్మకం చాలా పెరుగుతుంది. సోనీ దాన్ని టీఆర్‌సీ అంటుంది, నింటెండో లాట్‌చెక్ అంటుంది, మైక్రోసాఫ్ట్‌కి ఎక్స్ఆర్ నియమాలున్నాయి. గేమ్ మధ్యలో కన్సోల్ నిద్రలోకి వెళ్ళి లేస్తే ఏమవుతుంది, ఆడుతుండగా యూజర్ మారితే ఏమవుతుంది, సేవ్ ఫైల్ పాడైతే ఏ సందేశం వస్తుంది లాంటివే అవి. ఎక్స్‌బాక్స్‌కి వెళ్తుంటే తక్కువ శక్తి ఉన్న సిరీస్ ఎస్ మోడల్ గుర్తుపెట్టుకోండి. బాల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యంగా రావడానికి కారణం ఆ చిన్న కన్సోల్ మీద స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను పంచుకుని ఇద్దరు ఆడటం) నడవకపోవడమే.

బదులుగా ఏం ఇస్తారో రాయండి

అడిగే మొత్తం పక్కనే ఇచ్చేది ఉండాలి. ఎన్ని నెలలు వాళ్ళకే పరిమితం, సబ్‌స్క్రిప్షన్‌లో మొదటి రోజేనా, వాళ్ళ షోకేస్ దాకా ప్రకటన ఆపుతారా?

ఇక్కడ తొందరపడి తమ చేతిలోని సరుకు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. స్టీమ్‌లో రిలీజ్ చేసేశాక "మొదటి రోజే మీ దగ్గర" అనే మాటకు విలువ లేదు. కన్సోల్‌లన్నీ ట్రైలర్ చివర్లో ప్రకటించేశాక పరిమిత కాలం హక్కు అమ్మలేరు. పుణె స్టూడియో నాడింగ్ హెడ్స్ చేసిన రాజీ అనే గేమ్, 2017లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో అనుకున్న మొత్తం తెచ్చుకోలేకపోయింది. అయినా 2020 ఆగస్టులో నింటెండో స్విచ్ మీద ముందుగా వచ్చింది, మిగతా కన్సోల్‌లకు అక్టోబర్‌లో వెళ్ళింది. స్విచ్‌కి ముందు ఇవ్వడం అనే సరుకు అప్పటిదాకా వాళ్ళ చేతిలో ఉంది కాబట్టే అది కుదిరింది.

కనీస గ్యారంటీ వస్తే కాగితం మీద లెక్క వేయండి. గ్యారంటీ రెండు లక్షల డాలర్లు, గేమ్ ధర 20 డాలర్లు అనుకుందాం. కన్సోల్ వాటా, పన్నులు, డిస్కౌంట్లు పోగా కాపీకి తొమ్మిది డాలర్లు మిగిలితే, సుమారు 22,200 కాపీలు దాటేదాకా మీకు ఇంకో డాలర్ రాదు. సబ్‌స్క్రిప్షన్ ఫీజు అయితే సాధారణంగా ఇలా తిరిగి కోసుకోరు, కానీ అదే కన్సోల్ మీద అమ్మకాలు తగ్గుతాయి.

ఒప్పందంలో వేలు పెట్టి చదవాల్సినవి: గేమ్ హక్కులు, సీక్వెల్ మీద వాళ్ళ మొదటి హక్కు, మైల్‌స్టోన్ ఒప్పుకోకపోతే ఎన్ని రోజుల్లో చెప్పాలి, వాళ్ళే ప్రాజెక్టు ఆపేస్తే ఎంత ఇవ్వాలి, పరిమిత కాలం ఎప్పటి నుంచి లెక్క. పబ్లిషర్ రా ఫ్యూరీ 2021లో తన ఒప్పంద నమూనాను అందరికీ చూసేలా పెట్టింది. కన్సోల్ కంపెనీ కాగితం వచ్చేలోపు అది చదివితే భాష అలవాటవుతుంది.

మన వైపు కాగితాలు

ప్రైవేట్ లిమిటెడ్ లేదా ఎల్ఎల్‌పీ, కంపెనీ డొమైన్‌తో ఈమెయిల్, కిట్ దిగుమతికి ఐఈసీ (దిగుమతి ఎగుమతుల) కోడ్, ఎగుమతి మీద జీఎస్టీ కట్టకుండా ఎల్‌యూటీ అనే హామీ పత్రం. అమెరికా నుంచి రాయల్టీ వస్తే డబ్ల్యూ-8బెన్-ఇ అనే అమెరికా పన్ను ఫారం నింపాలి, లేకపోతే అక్కడే 30 శాతం పన్ను పట్టుకుంటారు. రెండు దేశాల పన్ను ఒప్పందం కింద అది సాధారణంగా 15కి దిగుతుంది. ఆదాయ పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువీకరణను కూడా టీఆర్‌సీ అనే అంటారు. సోనీ టీఆర్‌సీతో కలిపేసుకోకుండా మీ సీఏకి విడమరిచి చెప్పండి. టీమ్‌లో ప్రతి ఒక్కరూ, బయటి సంగీత దర్శకుడితో సహా, హక్కులు కంపెనీకి రాసిచ్చిన కాగితం ఉండాలి. అంతా ఒప్పుకున్నాక ఇది లేక ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది.

పంపండి, జవాబు చదవండి

మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్), ఆగస్టులో కొలోన్‌లో జరిగే గేమ్స్‌కామ్ సమయంలో స్కౌట్లు ఊపిరాడకుండా ఉంటారు. ఆ వారాల్లో మెయిల్ పంపితే అడుక్కి పోతుంది. అక్కడికి వెళ్ళే వీలుంటే ఆరు వారాల ముందే సమయం అడగండి. లేకపోతే మన ఐజీడీసీ (ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్) ఉంది. చాలా ఏళ్ళు హైదరాబాద్‌లోనే జరిగింది, వీసా ఖర్చు లేకుండా స్కౌట్లతో మాట్లాడే అవకాశం అది.

మెయిల్ ఆరు వాక్యాలు దాటకూడదు. స్లైడ్లకు ఒక లింక్, వీడియోకి ఒకటి, బిల్డ్‌కి ఒకటి. పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో ఉండాలి. గడువు తీరిపోయే లింకులు పెట్టకండి, చదవడం రెండు నెలల తర్వాత కావచ్చు.

జవాబు రాకపోతే మూడు వారాలకు ఒకసారి గుర్తు చేయండి, అదీ కొత్త సంగతి ఉంటేనే: డెమో వచ్చింది, అవార్డుకి నామినేషన్ వచ్చింది, కొత్త వీడియో ఉంది. "ఇప్పుడు మాకు సరిపోదు" అంటే తరచూ ఈ ఏడాది బడ్జెట్ అయిపోయిందనో, ఆ రకం గేమ్ ఇప్పటికే తీసుకున్నామనో అర్థం. ఏ త్రైమాసికంలో మళ్ళీ పంపాలో అడగండి, చాలామంది చెబుతారు. "టీమ్ గురించి ఆలోచిస్తున్నాం" అంటే పోర్టింగ్ అనుభవం ఉన్నవాళ్ళను చేర్చి మళ్ళీ వెళ్ళండి. కొత్త బిల్డ్ అడిగారంటే ఆశ ఉంది, కానీ అడిగిన తేదీకి ఇవ్వండి. తేదీ తప్పితే ఒప్పందం అయ్యాక కూడా ఇంతేనని వాళ్ళకు తెలిసిపోతుంది. మీతో మాట్లాడిన స్కౌట్ ఉద్యోగం మారితే ఆ సంభాషణ మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే ప్రతి కంపెనీలో ఇద్దరినైనా పరిచయం చేసుకోండి.

మాటల్లో అవునన్నా సంతకం పడేదాకా ఆ డబ్బు నమ్ముకుని కొత్తవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోకండి. ట్రైలర్ చివర్లో వాళ్ళ లోగో పెట్టే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి.